పాత నాణెం – చిన్న చీటీ



ఈరోజు మనం నాణేల గురించి మాట్లాడుకుందాం. నాణెం అంటే వేరే ఏమీ కాదు. మన కొంగుముడిలో ఉండే బిళ్లే. పోపులడబ్బాలో దాచుకునే చిల్లరే.

పాత నాణేలు పోగుచేసేవాళ్లు కొందరు ఉంటారు. వాళ్లలో గొప్పవాళ్లు ఎవరు? ఎక్కువ నాణేలు ఉన్నవాళ్లు అని కొందరు అంటారు. ఖరీదైన బంగారు నాణేలు ఉన్నవాళ్లు అని ఇంకొందరు అంటారు. నేను రెండూ కాదంటాను. మరి ఎవరు? అదే ఈరోజు మన మాట. ఆ గొప్పతనానికి కావలసిన ముఖ్యమైన వస్తువు ఇప్పుడు మీ దగ్గర కూడా ఉంది. అదేమిటో వింటూ ఉంటే మీకే తెలుస్తుంది.

మన మాటల్లో నాణేలు

నాణేలు పోతాయి. వాటి పేర్లు మాత్రం మన నోట్లో మిగిలిపోతాయి.

"చేతిలో చిల్లిగవ్వ లేదు" అంటాం. ఒకప్పుడు గవ్వలే చిల్లర డబ్బుగా చెల్లేవి. "చిల్లికాణీకి కొరగాడు" అంటాం. 1943 నుంచి 1947 వరకు నడుమ చిల్లి ఉన్న కాణీలు వేశారు. అది యుద్ధకాలం. లోహానికి కరువు వచ్చింది. అందుకే నడుమ చిల్లిపెట్టి లోహం మిగుల్చుకున్నారు.

మన పెద్దవాళ్ల లెక్క ఇలా ఉండేది. నాలుగు కాణీలు ఒక అణా. రెండు అణాలు ఒక బేడ. నాలుగు అణాలు ఒక పావలా. పదహారు అణాలు ఒక రూపాయి. అందుకే నిండుగా ఉన్నదాన్ని "పదహారణాలు" అంటాం. 1957 ఏప్రిల్ 1 నుంచి ఈ లెక్క మారింది. రూపాయికి నూరు పైసలు అయ్యాయి. 2011 జూన్ 30తో పావలా బిళ్ల కూడా చెల్లకుండా పోయింది. అయినా "పావలా వడ్డీ" అంటే డ్వాక్రా సంఘంలో తెలియనివాళ్లు ఎవరు? నూటికి నెలకు పావలా. బిళ్ల పోయింది. మాట ఉంది.

ఇంకో సంగతి. నాణేలు దాచడం మగవాళ్ల సరదా అనుకుంటారు. మరి కాసులపేరు ఎవరి మెడలో ఉంటుంది? కాసు అంటే నాణెమే. నాణేలను దండగా గుచ్చి, తల్లి నుంచి కూతురికి అందించింది ఆడవాళ్లే కదా!

బిళ్లను చదువుదాం

ఇప్పుడు మీ దగ్గర ఉన్న రూపాయి బిళ్ల ఒకటి తీయండి. వెలుతురులో పట్టుకోండి. ఒకవైపు సింహాల బొమ్మ ఉంటుంది. రెండోవైపు విలువ ఉంటుంది. సంవత్సరం అంకెల్లో ఉంటుంది. ఆ అంకెలు చదవండి.

ఇప్పుడు సంవత్సరం కింద చూడండి. చిన్న నక్షత్రం ఉందా? ఉంటే అది హైదరాబాదు టంకశాలలో తయారైన బిళ్ల. టంకశాల అంటే నాణేలు అచ్చువేసే చోటు. హైదరాబాదు టంకశాల ఇప్పుడు చర్లపల్లిలో ఉంది. నక్షత్రం బదులు గుండ్రని చుక్క ఉంటే నోయిడాలో తయారైంది. డైమండు గుర్తు ఉంటే ముంబయిలో తయారైంది. ఏ గుర్తూ లేకపోతే కలకత్తాలో తయారైంది.

చూశారా? ఇన్నాళ్లూ ఈ బిళ్ల మీ చేతిలోనే ఉంది. అది ఏ ఊరిదో, ఏ ఏడుదో ఈరోజు చెప్పింది. చదవడం వస్తే వస్తువు కూడా మాట్లాడుతుంది.

మన నేలలో దొరికిన నాణేలు

మన శ్రీకాకుళం పేరు చెబితే చాలామంది ఉత్తరాన ఉన్న శ్రీకాకుళం జిల్లా అనుకుంటారు. కాదు, ఇది కృష్ణ ఒడ్డున ఉన్న శ్రీకాకుళం. ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉన్న ఊరు. ఇది ఆంధ్రుల తొలి రాజధాని అని పెద్దలు చెబుతారు. శ్రీకృష్ణదేవరాయలకు ఇక్కడే కల వచ్చిందని, ఆ కల వల్లనే ఆముక్తమాల్యద తెలుగులో రాశాడని చెబుతారు. ఆ రాయలు వేయించిన బంగారు వరహాల మీద బాలకృష్ణుడి బొమ్మ ఉంటుంది.

పక్కనే ఘంటసాల. దాని పాత పేరు కంటకసేల. క్రీస్తు తర్వాత రెండో శతాబ్దంలో టాలెమీ అనే పండితుడు గ్రీకు భాషలో ఒక పుస్తకం రాశాడు. అందులో ఈ ఊరు వ్యాపారం జరిగే ఊరని రాశాడు. ఎక్కడి గ్రీకు భాష! ఎక్కడి ఘంటసాల! ఓడల వ్యాపారం ఈ ఊరి పేరును అంత దూరం తీసుకుపోయింది.

ఆ ఓడ బొమ్మ కూడా నాణెం మీద ఉంది. యజ్ఞశ్రీ శాతకర్ణి అనే శాతవాహన రాజు కాలంలో ఓడ బొమ్మ నాణేలు వేశారు. ఓడకు రెండు తెరచాప కొయ్యలు ఉంటాయి. ఇలాంటి నాణేలు మన సముద్రతీరంలో దొరికాయి. శాతవాహన రాజులు సీసంతో కూడా నాణేలు వేయించారు. గుడివాడలో పాత ఊరి దిబ్బ మీద అలాంటి సీసపు నాణేలు దొరికాయి.

ఇక బందరు. ఇంగ్లీషు కంపెనీవాళ్ల కాలంలో ఈ ప్రాంతంలో రాగి నాణేన్ని డబ్బు అనేవారు. నలభై ఎనిమిది డబ్బులు ఒక రూపాయి. 1794లో ఆ రాగి నాణేలను ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఆవిరి యంత్రాలతో అచ్చువేయించి, ఓడల్లో తెప్పించారు. ఒక చిన్న రాగి బిళ్ల పేరు ఇప్పుడు మొత్తం సొమ్ముకే పేరైంది. "డబ్బులున్నాయా?" అని అడిగిన ప్రతిసారీ ఆ పాత బిళ్ల పేరే మనం పలుకుతున్నాం.

ఒకే నాణెం, రెండు దారులు

ఒక సంగతి ఊహించుకుందాం. పొలంలో ఊడ్పులు జరుగుతున్నాయి. ఇద్దరు కూలి తల్లులకు చెరొక సీసపు బిళ్ల దొరికింది. రెండూ ఒకే రకం.

మొదటి తల్లి బిళ్లను చింతపండుతో తోమింది. మట్టి పోయింది. మట్టితోపాటు అక్షరాలూ అరిగిపోయాయి. పాత సామాన్లవాడు దానికి సీసం ధర కట్టాడు. అది కరిగి, వలకు కట్టే సీసపు గుళ్లలో కలిసిపోయింది. రెండు వేల ఏళ్లు నేలలో నిలిచిన బిళ్ల ఒక్క పూటలో పోయింది.

రెండో తల్లి బిళ్లను తోమలేదు. కాగితంలో చుట్టింది. కూతురి నోటుపుస్తకంలోంచి చిన్న ముక్క చింపి, దాని మీద ఇలా రాసింది:

"కాలువ పక్క చేను. తూర్పు గట్టు. మూరెడు లోతు. పక్కన ఎర్ర కుండ పెంకులు, రెండు పూసలు ఉన్నాయి. జూలై నెల, మంగళవారం."

అక్షరాలు వంకరగా ఉన్నాయి. ఉంటే ఏం? ఆ చీటీ వల్ల చదువుకున్న పండితుడికి ఎన్నో సంగతులు తెలుస్తాయి. అక్కడ ఒకప్పుడు మనుషులు ఉన్నారని, వండుకున్నారని, పూసలు వేసుకున్నారని, ఫలానా రాజు నాణెం వాళ్ల చేతుల్లో నడిచిందని తెలుస్తుంది. చీటీ లేకపోతే? అది ఎక్కడిదో తెలియని సీసపు ముక్క. అంతే.

ఊరు తెలియని నాణెం మూగది. ఊరు తెలిస్తే దానికి నోరు వస్తుంది.

కోటిలింగాల కథ

ఇది ఊహ కాదు. నిజంగా జరిగింది.

గోదావరి ఒడ్డున కోటిలింగాల అనే ఊరు ఉంది. అప్పుడు అది కరీంనగర్ జిల్లాలో ఉండేది. ఇప్పుడు జగిత్యాల జిల్లాలో ఉంది. అక్కడ వాన కురిసి మట్టి కొట్టుకుపోతే పాత నాణేలు పైకి తేలేవి. ఊరివాళ్లకు అవి కొత్త కాదు.

ధర్మపురికి చెందిన సంగనభట్ల నరహరి శర్మగారు ఆ నాణేలను పోగుచేశారు. పోగుచేసి పెట్టెలో పెట్టి తాళం వేయలేదు. పాత లిపి చదవగలిగిన పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారికి చూపించారు. ఇది 1970లలో సంగతి. శాస్త్రిగారు వాటి మీది అక్షరాలు చదివారు. గోభద, నారన, కంవాయ, సమగోప అనే పేర్లు కనిపించాయి. వీళ్లు శాతవాహనుల కంటే ముందు అక్కడ ఏలిన రాజులని పండితులు చెప్పారు. అలాంటివాళ్లు ఉన్నారని అంతకుముందు ఎవరికీ తెలియదు. ఆ తర్వాత చిముక అనే పేరున్న నాణేలు కూడా అక్కడ దొరికాయి. శాతవాహన వంశంలో మొదటి రాజు సిముకుడు ఇతడే అని పండితులు చెప్పారు.

శాతవాహనులు ఎక్కడ మొదలయ్యారు? ఈ ప్రశ్న మీద అప్పటికే పెద్ద వాదం ఉంది. మహారాష్ట్రలో అని కొందరు, తెలుగు నేల మీద అని కొందరు అనేవారు. కోటిలింగాల నాణేలు ఆ వాదానికి కొత్త బలం ఇచ్చాయి. తర్వాత ప్రభుత్వ పురావస్తు శాఖ అక్కడ తవ్వకాలు జరిపింది. పాత గోడలు బయటపడ్డాయి.

హైదరాబాదులో డాక్టర్ దేమె రాజారెడ్డిగారు అనే పెద్ద వైద్యుడు ఉన్నారు. మెదడుకు, నరాలకు ఆపరేషన్లు చేసే డాక్టరు. నాణేలంటే ఆయనకు ప్రాణం. ఆయన, పి. సూర్యనారాయణరెడ్డిగారు కలిసి కోటిలింగాల నాణేల మీద 1983లో పుస్తకం రాశారు. తమ దగ్గర ఉన్న జ్ఞానాన్ని పదిమందికీ పంచారు.

ఇప్పుడు చెప్పండి. ఆ నాణేల్లో ఎక్కువ భాగం సీసం, రాగి, మిశ్రమ లోహం. బంగారం కాదు. తూకం వేస్తే వాటి ధర ఎంత? చాలా తక్కువ. మరి వాటి విలువ ఎక్కడి నుంచి వచ్చింది? "ఇవి కోటిలింగాలలో దొరికాయి" అన్న ఒక్క మాట నుంచి వచ్చింది. అవే నాణేలు ఏ సంతలోనో ఊరు పేరు లేకుండా అమ్ముడైపోయి ఉంటే, ఆ రాజులు ఏ ఊరివాళ్లో మనకు తెలిసేది కాదు.

దొర దాచిన నాణేలు

మన వైపు కథ ఒకటి చెబుతాను. సర్ వాల్టర్ ఎలియట్ అనే దొర ఉండేవాడు. 1845 నుంచి 1854 వరకు ఉత్తర సర్కారులకు కమిషనరుగా పనిచేశాడు. కృష్ణా ప్రాంతం కూడా ఆ సర్కారుల్లోదే. అమరావతిలో తవ్వించి శిల్పాలు బయటికి తీసింది కూడా ఆయనే. ఊరూరా తిరుగుతూ పాత నాణేలు పోగుచేశాడు. ముసలితనంలో ఆయనకు చూపు బాగా తగ్గిపోయింది. అయినా దక్షిణ దేశపు నాణేల మీద పెద్ద పుస్తకం పూర్తిచేశాడు. 1887లో చనిపోయాడు.

ఆయన నాణేలు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. 1908లో రాప్సన్ అనే పండితుడు అక్కడి ఆంధ్ర రాజుల నాణేలకు జాబితా పుస్తకం అచ్చువేశాడు. అందులో కృష్ణా, గోదావరి జిల్లాల నాణేలను వేరే భాగంగా పెట్టాడు. అలా ఎందుకు పెట్టగలిగాడు? ఏ నాణెం ఏ ప్రాంతంలో దొరికిందో ముందువాళ్లు రాసిపెట్టారు కాబట్టి.

దొర చేసిన పనిలో మంచీ ఉంది, బాధా ఉంది. రాసిపెట్టడం మంచి. మన నేలలో దొరికినవాటిని చూడాలంటే సముద్రాలు దాటి పోవాల్సి రావడం బాధ. అప్పుడు మన నాణెం గురించి మనం రాసుకోలేదు. మనలో చాలామందికి రాయడం రాదు. ఇప్పుడు ఆ మాట చెల్లదు.

నాణెం దొరికితే ఏం చేయాలి?

ఒకటి. తోమకండి. ఇత్తడి చెంబును చింతపండుతో తోముతాం. నాణేన్ని అలా తోమకూడదు. బూడిద, సబ్బు, పీచు ఏవీ వద్దు. పైన పట్టిన పొర దానికి కవచం లాంటిది.

రెండు. అంచులు పట్టుకుని ఎత్తండి. విడివిడిగా శుభ్రమైన కాగితంలో చుట్టండి. సీసపు నాణేన్ని చెక్కపెట్టెలో పెట్టకండి. చెక్కలోని ఆమ్లం వల్ల సీసం తెల్లని పొడిగా మారిపోతుంది. సీసం విషం కూడా. ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి. పిల్లల నోటికి అందనివ్వకండి.

మూడు. కుండలో దొరికితే కుండను కూడా దాచండి. ఒక్క నాణెం కూడా విడదీయకండి. ఎందుకో చెబుతాను. మీ పిల్లవాడు చిల్లర వేసుకునే ముంత పగలగొట్టారనుకోండి. అందులో ఇరవై రూపాయల బిళ్ల ఉంది. ఆ బిళ్లను ప్రభుత్వం 2019లో ప్రకటించింది. అంటే ఆ ముంతలో చివరి చిల్లర పడింది అంతకుముందు కాదు. పాత కుండల లెక్క కూడా అంతే. అన్నిటికంటే కొత్త నాణెం ఏదో తెలిస్తే, కుండ ఎప్పుడు పూడ్చారో తెలుస్తుంది. ఆ ఒక్కటీ ఎవరైనా తీసేసుకుంటే లెక్క తప్పిపోతుంది.

నాలుగు. చీటీ రాయండి. ఏమి దొరికింది? ఎక్కడ? ఎప్పుడు? ఎవరికి? ఎంత లోతులో? పక్కన ఏమున్నాయి?

చట్టం ఏమంటుంది?

ఇది జాగ్రత్తగా వినండి. నేలలో దాగిన నిధుల మీద 1878 నాటి చట్టం ఉంది. పది రూపాయల కంటే ఎక్కువ విలువైన నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. నోటిమాటగా కాదు, రాసి ఇవ్వాలి. ఏమి దొరికింది, ఎక్కడ దొరికింది, ఎప్పుడు దొరికింది అన్నది ఆ కాగితంలో ఉండాలి. చూశారా? చట్టం అడిగేది కూడా మన చీటీనే.

చేను ఒకరిది. కూలికి వెళ్లింది మీరు. నిధి మీ చేతికి దొరికింది. అది ఎవరిది? దాచినవాళ్లు, వాళ్ల వారసులు ఎవరూ లేరని తేలితే, ముందుగా వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, దొరికినవారికి ముప్పావు వంతు, భూమి యజమానికి పావు వంతు. అంటే రూపాయిలో పన్నెండణాలు మీవి. ప్రభుత్వమే ఆ నిధి తీసుకోదలిస్తే, లోహం విలువ, దానిపైన అయిదో వంతు కలిపి ఇవ్వాలి. కానీ కబురు చేయకుండా దాచేస్తే మీ వంతు పోతుంది. ఏడాది దాకా జైలు శిక్ష కూడా పడవచ్చు.

కాబట్టి రాసి ఇవ్వడం భయపడే పని కాదు. అది మీ హక్కును కాపాడే పని. ఆ కాగితం మీద వేలిముద్ర కాదు, మీ సంతకం ఉండాలి. రాసిన కాగితం నకలు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.

ఆశపెట్టేవాళ్లు వస్తారు

"మీ దగ్గర వైష్ణోదేవి బొమ్మ ఉన్న అయిదు రూపాయల బిళ్ల ఉందా? లక్షలు ఇస్తాం" అని ఫోన్లలో ప్రకటనలు వస్తాయి. ఆ బిళ్లను 2012లో ప్రభుత్వమే వేసింది. బజారులో అది అయిదు రూపాయలకు చెల్లుతుంది. లక్షలు ఎవరిస్తారు? ముందు ఫీజు కట్టమంటారు. తర్వాత పన్ను కట్టమంటారు. కట్టాక ఫోను మూగబోతుంది.

రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించింది. పాత నోట్లు, నాణేలు కొనడం అమ్మడం తాము చేయబోమని, తమ పేరు చెప్పి ఫీజులు అడిగితే నమ్మవద్దని చెప్పింది. ఎవరైనా మోసపోతే వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. ఈ నాలుగు అంకెలు రాసుకోండి.

పాతదంతా ఖరీదు కాదు. అరుదుగా దొరికేదానికే ధర. అసలు విలువ ధరలో లేదని కోటిలింగాల మనకు చెప్పింది కదా.

మరి గొప్పవాళ్లు ఎవరు?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. నాణేలు పోగుచేసేవాళ్లలో గొప్పవాళ్లు ఎవరు?

దొరికిన చోటు మరిచిపోకుండా రాసినవాళ్లు. తోమి పాడుచేయనివాళ్లు. తెలియనిదాన్ని తెలిసినవాళ్లకు చూపించి అడిగినవాళ్లు. తెలిసినదాన్ని పదిమందికీ చెప్పినవాళ్లు. వాళ్ల దగ్గర ఒక్క నాణెమే ఉన్నా వాళ్లు గొప్పవాళ్లు. వెయ్యి బంగారు కాసులు ఉండి, ఒక్కదాని ఊరూ చెప్పలేనివాళ్లు ధనవంతులు. అంతే.

వీలు చూసుకుని సంఘమంతా కలిసి విజయవాడ బాపు మ్యూజియానికి వెళ్లండి. హైదరాబాదు వెళితే పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియం చూడండి. అద్దాల వెనుక పాత వస్తువుల పక్కన చీటీలు ఉంటాయి. ఆ చీటీలు చదవండి. దొరికిన ఊరి పేరు ఎక్కడ ఉందో వెతకండి.

ఇంటికి వెళ్లాక ఒక పని చేయండి. ఇంట్లో ఉన్న పాత అణా, బేడ, పావలా ఏదైనా తీయండి. అది ఎవరిది, ఎలా వచ్చింది అని అత్తగారిని అడగండి, అమ్మమ్మను అడగండి. ఆమె చెప్పింది రెండు వాక్యాల్లో రాసి, బిళ్లతోపాటు చుట్టిపెట్టండి. కింద మీ పేరు, తేదీ వేయండి. రేపు మీ మనవరాలు ఆ చుట్ట విప్పినప్పుడు, బిళ్లతోపాటు మీ చేతిరాత కూడా ఆమెకు దొరుకుతుంది.